ఆరెకరాల పదకొండు సెంట్లు

వేణుగోపాలరాజుగారు సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. భీమవరం చుట్టుపక్కల ఆయన కొలత గొలుసు పడని పొలం లేదు. ఆయన కొలతలో ఒక సెంటు అటూ ఇటూ అయిందని నోరెత్తిన రైతూ లేడు. కొట్టుకు చచ్చే అన్నదమ్ములు సైతం "రాజుగారొచ్చి చెప్పాలండి, ఆయన చెబితే మాకు సమ్మతమేనండి" అంటూ గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవారు. ఆ మాట ఆయన చెవిన పడేది. పడనట్టు మొహం పెట్టేవారు గానీ, ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవారని భార్య సూర్యావతిగారు అందరికీ చెప్పేవారు.

ఉద్యోగంలో ఆయనకు ఒకే ఒక్క శత్రువు. చుక్క తర్వాత సున్నా ఎగ్గొట్టే గుమస్తా. ఆరెకరాల ఎనభై సెంట్లుంటే 6.80 అని శుభ్రంగా రాయాలా, ఆ మహానుభావుడు 6.8 అని గీకేసి టీకి పోతాడు. రేపు ఇంకెవడో దాన్ని ఆరెకరాల ఎనిమిది సెంట్లని చదువుతాడు. డెబ్భై రెండు సెంట్ల భూమి గాలిలో కలిసిపోతుంది. అందుకని రాజుగారు ఎక్కడ చుక్క పక్కన ఒంటరి అంకె కనిపించినా మనసులోనే ఒక సున్నా చేర్చుకుని చదివేవారు. రిటైరయ్యాక పేపర్లో వడ్డీ రేట్లు కూడా అలాగే చదివేవారు. ఈ సున్నా సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు పనుంది.

సూర్యావతిగారిది ఇంకో తంతు. ఆయన ఎంత పొదుపుగా మాట్లాడేవారో ఆవిడ అంత ధారాళంగా మాట్లాడేవారు. వీధిలో కూరగాయల బండివాడు ఆ గుమ్మం ముందు ఆగితే మిగతా వీధులకు ఆ పూట వంకాయలు లేనట్టే. పిల్లలు లేరు. ఆ లోటంతా ఆవిడ మాటలతోనే పూడ్చుకున్నారేమోనని నాకనిపిస్తుంది. స్మార్ట్‌ఫోను వచ్చాక మరీ సుళువైపోయింది. టైపు కొట్టడం ఆవిడకు చిరాకు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపేవారు. అన్నగారి కొడుకు ఫణీంద్రకు రోజుకు మూడు తప్పనిసరి. అతను కాకినాడ దగ్గర సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫాం మీద ఇంజనీరు. పద్నాలుగు రోజులు సముద్రంలో, పద్నాలుగు రోజులు ఒడ్డున. "అత్త మెసేజీలు వింటుంటే నాకు ఒడ్డున ఉన్నట్టే ఉంటుంది మావయ్యా" అనేవాడు.

ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం సూర్యావతిగారి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపడింది. దాన్ని తీద్దామని వంగిన మనిషి లేవలేదు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు కొంత తేరుకున్నాయి. మాట తేరుకోలేదు.

ఇది మామూలు మూగతనం కాదు. ఎదుటివాళ్ళు చెప్పింది ఆవిడకు అర్థమవుతుంది. తను చెప్పాల్సింది లోపల ఉంటుంది. నోటి దాకా వచ్చేసరికి మాట దొరకదు. రాయడమూ రాదు. ఆఖరికి తల ఊపడం కూడా నమ్మకం లేకుండా పోయింది. అవునన్నదానికి అడ్డంగా, కాదన్నదానికి నిలువుగా ఊపేసి, తప్పు ఊపానని తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. భీమవరంలో మాట నేర్పించే మంజుష అనే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. ఆ అమ్మాయే ఒక చిత్రమైన సంగతి కనిపెట్టింది. ఆవిడకు 'నీళ్ళు' అనడం రాదు గానీ, పక్కనెవరైనా "ఒకటి, రెండు" అని మొదలెడితే "మూడు, నాలుగు, అయిదు" అని గడగడా అందుకుంటారు.

"చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైనవి పోవండి" అంది మంజుష. "రోజూ చెప్పించండి. గొంతు వాడుకలో ఉండాలి. ఈ ఏడాదిలో మాట్లాడాలన్న ఆశ వదిలేసుకున్నారంటే తర్వాత మనం ఎంత మొత్తుకున్నా లాభం ఉండదండి."

ఫణీంద్ర సెలవులో వచ్చి రెండు వారాలు కూర్చుని ఒక పని చేశాడు. ఎత్తేసిన బట్టల కొట్టు నుంచి వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఒకటి తెచ్చాడు. తన పాత కంప్యూటరు దానికి తగిలించి, అందులో విండోస్ బదులు లినక్స్ వేశాడు. తెర మీద గళ్ళు గళ్ళుగా యాభై ఫొటోలు. మంచినీళ్ళ గ్లాసు, మాత్రల డబ్బా, ఇంటి గేటు, ఫ్యాను, చుట్టాలూ పక్కాలూ. ఏ ఫొటో తాకితే ఆ మాట పలుకుతుంది. అదీ ఎవరి గొంతుతో? సూర్యావతిగారి గొంతుతోనే. ఆవిడ ఏళ్ళ తరబడి పంపిన మెసేజీలన్నీ అతని ఫోనులో ఉన్నాయి కదా, వాటిలోంచి ఒక్కొక్క మాటా కత్తిరించి తీశాడు. 'రండి' అనే మాట, ఒకసారి పనసపొట్టు కూర చేసి వాళ్ళ ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలిచినప్పటిది. గేటు దగ్గర నిలబడి కేకేసినట్టు ఉంటుంది. మొదటిసారి ఎడంచేతి వేలితో ఆ ఫొటో తాకి, తన గొంతు తనే విన్నప్పుడు ఆవిడ నవ్వారు. రాజుగారు మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళి, నీళ్ళు పోసిన మొక్కలకే మళ్ళీ నీళ్ళు పోశారు.

భార్యకు ఇలా అయిన దగ్గర్నుంచి రాజుగారు గడప దాటలేదు. అంతకు ముందు రోజూ సాయంత్రం అయిదింటికి కాలవ వంతెన దగ్గర టీ కొట్లో, చేపల చెరువుల పల్లంరాజుగారితో ఒక గంట కూర్చోకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు. ఇప్పుడు పల్లంరాజుగారే అప్పుడప్పుడు గేటు దాకా వచ్చి "ఓ పది నిమిషాలు వస్తారేంటండి?" అని అడిగేవారు. "ఆయ్, ఇంకోసారి చూద్దామండి" అని ఈయన పంపేసేవారు. పనిమనిషి బేబి ఉంటానన్నా వినేవారు కాదు. వంట కూడా తనే మొదలెట్టారు. సెంట్లు కొలిచిన చెయ్యి ఉప్పు కొలవలేదని తేలిపోయింది. అయినా ఆవిడ మాట్లాడకుండా తినేవారు. 'మాట్లాడకుండా' అన్నాను, చూశారా, మన నోటికి అలవాటైనవి కూడా పోవు.

అలా ఎనిమిది నెలలు నాలుగు గోడల మధ్య ఉంటే ఎంత ఓపికున్నవాడికైనా ఎక్కడో పుటుక్కుమంటుంది. ఒక ఆదివారం సాయంత్రం రాజుగారికి అదే జరిగింది. బల్ల మీద నాలుగు అరటిపళ్ళు పెట్టి లెక్కపెట్టమన్నారు. మంజుష చెప్పిన అభ్యాసమే. ఆయన ఒకటి, రెండు అని అందిస్తే ఆవిడ మూడు, నాలుగు అని, ఆగకుండా అయిదు, ఆరు, ఏడు అంటూ పోయారు. ఆవిడకు అందుకోవడం తప్ప ఆగడం చేతకాదు. మళ్ళీ చెప్పించారు. మళ్ళీ పన్నెండు దాకా పోయారు. మూడోసారి, నాలుగోసారి. లెక్కంటే ప్రాణం పెట్టే మనిషి కదా, నాలుగు పళ్ళను పన్నెండు అంటుంటే ఒళ్ళు మండిపోయింది.

"నాలుగు దగ్గర ఆగమంటుంటే ఆగవేంటి! ఇంక చాల్లే, నోరు ముయ్యి!"

మాట పోయిన మనిషిని నోరు ముయ్యమన్నారు. సూర్యావతిగారు ఆయన వంకే చూసి, నోరు మూసేసుకున్నారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆవిడ ఆయన మాట అంత వెంటనే విన్నది ఆ ఒక్కసారే. ఆ రాత్రి ఆయన క్షమించమని అడుగుదామనుకున్నారు. రేపు అడుగుదాంలే అని ఊరుకున్నారు.

సోమవారం పొద్దున్నే ఆవిడ తనంత తనే కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చున్నారు. రాజుగారు పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఆయన ఫొటో తాకారు. "మీరు" అంది తెర. ఇంటి గేటు ఫొటో తాకారు. "బయట" అంది. వేలు ఇంకో ఫొటో మీదికి వెళుతూ ఉంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

అరగంటలో కరెంటు వచ్చింది. కంప్యూటరు ఆన్ చేస్తే అక్షరాలేవో రెండు క్షణాలు మెరిసి, తెర నల్లగా అయిపోయింది. ఆపి మళ్ళీ వేశారు. అంతే. మధ్యాహ్నం దాకా అంతే.

మీరు, బయట. ఆ రెండు మాటలూ రాజుగారిని తినేశాయి. నిన్న నోరు ముయ్యమన్నవాణ్ణి ఇవాళ బయటికి పొమ్మంటోందా? ఇంకేమంటుంది? ఉండబట్టలేక ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగారు.

"నన్ను బయటికి పొమ్మన్నావా, సూర్యావతీ?"

ఆవిడ తల నిలువుగా ఊపారు. కంగారుగా అడ్డంగా ఊపారు. మళ్ళీ నిలువుగా. ఆఖరికి ఎడంచేత్తో నల్లటి తెర మీద కొట్టి, మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆ రోజంతా రాజుగారు తన కుర్చీ తీసుకెళ్ళి వరండాలో వేసుకుని, ఆవిడ కంటబడకుండా కూర్చున్నారు. మంచినీళ్ళు ఇవ్వడానికీ, మాత్రలు వెయ్యడానికీ మాత్రం లోపలికి వెళ్ళేవారు.

ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిపిస్తే వాడు వచ్చి, చూసి, పెదవి విరిచాడు.

"ఇది లినక్స్ అండి. మనకొద్దులెండి. మొత్తం ఫార్మాట్ కొట్టేసి విండోస్ వేసేద్దాం. రెండు గంటల్లో అయిపోద్దండి."

"ఫార్మాట్ అంటే?"

"లోపలున్నవన్నీ పోతాయండి. కొత్త బండి అయిపోద్ది."

"అందులో మాటలున్నాయండి" అన్నారు రాజుగారు.

"మాటలేంటండి?"

రాజుగారు వాడికి కాఫీ ఇచ్చి పంపేశారు.

సాయంత్రం ఆరింటికి ఫణీంద్ర సముద్రంలోంచి ఫోన్ చేశాడు. అక్కడ సిగ్నలు ఉన్నంతసేపే మాట. ఇంకా తొమ్మిది రోజులైతే గాని అతను ఒడ్డుకు రాడు. సంగతంతా విని, జరిగిందేమిటో ఇట్టే పోల్చుకున్నాడు.

"మావయ్యా, లినక్స్‌కి గుండెకాయ లాంటిది ఒకటి ఉంటుంది. కెర్నెల్ అంటారు. దానికి కొత్త కొత్త నంబర్లు వస్తుంటాయి. మన కంప్యూటరు దానంతటదే కొత్తది దించేసుకుని ఉంటుంది. కరెంటు పోయి వచ్చేసరికి ఆ కొత్తదానితో లేచింది. తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు మనది బాగా పాతది. దాన్ని నడిపించే డ్రైవరు ప్రోగ్రాము కొత్త కెర్నెల్‌తో పనిచెయ్యదు. అందుకే నలుపు."

"అయితే గతేంటి?"

"ఏం లేదు. పాత కెర్నెల్ కూడా లోపలే ఉంటుంది. ఆన్ చెయ్యగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. ఒక జాబితా వస్తుంది. అందులో రెండు నంబర్లుంటాయి. పెద్ద నంబరు కొత్తది, చిన్న నంబరు పాతది. చిన్నది ఎంచుకోండి, అంతే. అత్తకి చెప్పండి, నేను..." అంటుండగానే సిగ్నలు పోయింది.

రాజుగారు కళ్ళజోడు తుడుచుకుని, షిఫ్ట్ నొక్కి పట్టుకున్నారు. జాబితా వచ్చింది. పైన 6.11. దాని కింద 6.8.

ఆయన ఆ రెంటినీ చూసి చిన్నగా నవ్వుకున్నారు. ఈ కంప్యూటరు కంపెనీల్లో కూడా సున్నా ఎగ్గొట్టే గుమస్తాలున్నారన్నమాట. ఆరెకరాల ఎనభై సెంట్లు, ఆరెకరాల పదకొండు సెంట్లు. ఏది చిన్నదో పసిపిల్లాడైనా చెబుతాడు. 6.11 మీద పెట్టి ఎంటర్ కొట్టారు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క సెంటు తప్పని రాజుగారు ఇక్కడ పప్పులో కాలేశారు. ఆ చుక్క దశాంశం చుక్క కాదు. అది మన డోరు నంబర్లలో గీత లాంటిది. ఆరో వార్డులో ఎనిమిదో ఇల్లు, ఆరో వార్డులో పదకొండో ఇల్లు. పదకొండు తర్వాతది, ఎనిమిది ముందుది. 6.8 పాతది, 6.11 కొత్తది. ఈ ముక్క ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పాలని ఫణీంద్రకు తట్టలేదు. ఎనిమిది కన్నా పదకొండు పెద్దదని తనంతటి మావయ్యకు విడమర్చి చెప్పాలని ఎవరికి తడుతుంది?

తెర మళ్ళీ నల్లబడింది.

మర్నాడు సాయంత్రం ఫోన్లో ఫణీంద్ర అడిగాడు. "చిన్న నంబరే ఎంచుకున్నారా మావయ్యా?"

"చిన్నదేనయ్యా. నాలుగుసార్లు చూసుకున్నాను."

"కచ్చితంగా?"

"నంబరు దగ్గర నన్ను అనుమానిస్తావేంటయ్యా!"

ఫణీంద్ర నాలుక కరుచుకున్నాడు. మావయ్య అంకె తప్పు చదవడమన్నది అతని ఊహకు అందని సంగతి. కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. ఆ రోజు తెర వెనక తీగలన్నీ ఊడదీసి పెట్టించాడు. ఆ మర్నాడు పెట్టె విప్పించి, కార్డు బయటికి తీయించి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపించి మళ్ళీ గుచ్చించాడు. రాజుగారు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. చెప్పినవన్నీ సర్వే పుస్తకంలో వరస నంబర్లతో రాసుకుని, చేసినవాటికి టిక్కు పెట్టుకున్నారు. ప్రతిసారీ చివర అదే జాబితా, అదే పదకొండు సెంట్లు, అదే నలుపు.

ఈ నాలుగు రోజుల్లో సూర్యావతిగారు పెదవి విప్పలేదు. రాజుగారు భయం భయంగా "ఒకటి, రెండు" అని మొదలెట్టినా ఆవిడ అందుకోలేదు. గోడవైపే చూశారు. బుధవారం వచ్చిన మంజుష గంటసేపు ప్రయత్నించి, బయటికొచ్చి వరండాలో ఆయన పక్కన నిలబడింది.

"ఏమైనా జరిగిందాండి?"

"నేను నోరు ముయ్యమన్నానమ్మా" అన్నారు రాజుగారు. కన్నవాళ్ళ ముందు కూడా అంత తల దించుకుని ఉండరు ఆయన.

మంజుష ఆయన్నేమీ అనలేదు. "ఆ తెర తొందరగా బాగుచేయించండి" అని మాత్రం అంది. "ఆవిడ ఏదో చెబుతూ ఆగిపోయారు. అది పూర్తి చెయ్యకపోతే మళ్ళీ మొదలెట్టరేమోనని నాకు భయంగా ఉందండి."

ఆ సాయంత్రం కూడా పల్లంరాజుగారు గేటు దగ్గరికొచ్చారు. రాజుగారు వరండాలోంచే చెయ్యి అడ్డంగా ఊపి పంపేశారు. లోపల కిటికీ పక్కన కూర్చున్న సూర్యావతిగారు ఎడంచెయ్యి పైకెత్తి ఏదో సైగ చెయ్యబోయారు గానీ, ఆయన అటు చూడలేదు.

గురువారం ఫోన్లో ఫణీంద్ర ఆఖరి మందు చెప్పాడు. "రెండు కెర్నెళ్ళూ రావట్లేదంటే లోపల ఒకదానికొకటి అడ్డు తగులుతున్నాయేమో. జాబితాలో రికవరీ అని ఒకటుంటుంది. దాంట్లోకి వెళితే ఉత్త అక్షరాల తెర వస్తుంది. నేను చెప్పినట్టు టైపు చెయ్యండి. పెద్ద నంబరుది పూర్తిగా తీసేద్దాం. చిన్నదే ఉంచి, దాని మీద డ్రైవరు మళ్ళీ వేద్దాం."

అతను ఒక్కొక్క అక్షరం చెబుతుంటే రాజుగారు తెలుగులో రాసుకున్నారు. ఏ, పీ, టీ, ఖాళీ, ఆర్, ఈ, ఎమ్... ఖాళీ ఉన్నచోట 'ఖాళీ' అని రాశారు. చివర నంబరు చెప్పేలోగా సిగ్నలు పోయింది. ఫరవాలేదు, నంబరు సంగతి ఆయనకు తెలుసు. పెద్దది. ఆరెకరాల ఎనభై.

చీకటి పడ్డాక అలాంటి పని పెట్టుకోకూడదని, తెల్లవారాక కూర్చున్నారు. శుక్రవారం ఉదయం ఏడున్నర. వంటగదిలో బేబి పని చేసుకుంటోంది. సూర్యావతిగారు అక్కడే పీట పక్కన కుర్చీలో ఉన్నారు. ముందుగదిలో రాజుగారు కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ, పావుగంటలో ఆ వరస పూర్తి చేశారు. చివర, జాబితాలో చూసి రాసుకున్న 6.8 కెర్నెల్ పేరు, వెనకున్న అంకెల తోకతో సహా కొట్టారు. ఎంటర్ నొక్కారు. దీన్ని తీసెయ్యబోతున్నాను, కానివ్వమంటారా అని కంప్యూటరు అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్.

వై నొక్కితే ఏమవుతుందో ఆయనకు తెలియదు, మనకు తెలుసు. ఆ ఇంట్లో తెరను వెలిగించగలిగిన కెర్నెల్ అదొక్కటే. అది పోతే ఫణీంద్ర ఒడ్డెక్కేదాకా ఆ గోడవైపు చూపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత తెర వెలిగినా, దాని ముందుకు ఆవిడ కుర్చీ జరుపుకుంటారో లేదో ఎవరూ చెప్పలేరు.

రాజుగారి వేలు వై మీదికి వెళ్ళింది.

వంటగదిలో బేబి, తమ ఇంటి కోళ్ళు పెట్టిన గుడ్లు సంచిలోంచి తీసి గిన్నెలో పెడుతోంది. పెడుతూ పైకి లెక్కపెడుతోంది. "అయిదు... ఆరు... ఏడు... ఎనిమిది. ఎనిమిదేనండి అమ్మగారూ ఈ వారం."

గుడ్లు అయిపోయాయి. బేబి ఆగిపోయింది. లెక్క ఆగలేదు. నాలుగు రోజుల నుంచి వినపడని గొంతు ఒకటి, బొంగురుగా, ఎక్కడా తడుముకోకుండా, దాన్ని అందుకుంది.

"తొమ్మిది. పది. పదకొండు."

రాజుగారి వేలు గాలిలో నిలబడిపోయింది. ముందు ఆయనకు వినపడింది భార్య గొంతు మాత్రమే. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత లెక్క వినపడింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. తెర మీద చూశారు. 6.8. ఆరు ఎనిమిది. ఆరు తొమ్మిది. ఆరు పది. ఆరు పదకొండు.

ఇది పొలం కాదు. ఇక్కడ సెంట్లు లేవు. ఎవడూ సున్నా ఎగ్గొట్టలేదు. ఒకటి తర్వాత ఒకటి, అరటిపళ్ళు లెక్కపెట్టినట్టు, గుడ్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుంటూ పోయారంతే. ఎనిమిది ముందుది, పదకొండు తర్వాతది.

ఆవిడ ఎనిమిది దగ్గర ఆగి ఉంటే ఈ ముక్క ఆయనకు ఎప్పటికీ తట్టేది కాదు. ఆగమంటే ఆగవేంటి అని ఏ తప్పుకైతే కేకలేశారో, ఇప్పుడు ఆదుకున్నది ఆ తప్పే. రాజుగారికి సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, జాగ్రత్తగా ఎన్ నొక్కారు. కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, షిఫ్ట్ పట్టుకుని, జాబితాలో రెండోదాని మీదికి దిగారు. ఆరు, ఎనిమిది. ఎంటర్.

అక్షరాలు మెరిశాయి. తెర నల్లబడింది. మరుక్షణం యాభై ఫొటోలూ గళ్ళు గళ్ళుగా విచ్చుకున్నాయి. మూలన ఫొటోలో పల్లంరాజుగారు ఎప్పటిలాగే పళ్ళికిలిస్తున్నారు.

"బేబీ! అమ్మగార్ని తీసుకురా!"

సూర్యావతిగారు గుమ్మంలోంచే వెలిగిన తెరను చూశారు. బేబి పట్టుకుంటున్నా వదిలించుకుని, కాలీడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రాజుగారు ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. ఇంకోసారి వాయిదా వేసే ధైర్యం ఆయనకు లేదు.

"ఆ వేళ నేనన్న మాట చాలా తప్పు, సూర్యావతీ. నువ్వు ఎంత దాకా లెక్కపెడితే అంత దాకా పెట్టు. నేను వింటాను. ఇప్పుడు నువ్వేమనాలనుకుంటే అది అను. పొమ్మన్నా సరే."

ఆవిడ ఆయన వంక ఒక్క క్షణం చూసి, తెరవైపు తిరిగారు. ఎడంచేతి వేలు ఆయన ఫొటో తాకింది.

"మీరు."

గేటు.

"బయట."

వేలు గళ్ళ మీద నెమ్మదిగా జరిగింది. సోమవారం కరెంటు పోయినప్పుడు ఎక్కడికి వెళుతూ ఆగిపోయిందో అక్కడికే వెళ్ళింది. మూల గడి. పళ్ళికిలిస్తున్న మనిషి.

"పల్లంరాజుగారు."

రాజుగారికి అర్థం కాలేదు. ఆవిడ వేలు ఇంకో గడి వెతికి పట్టుకుంది.

"టీ."

బేబి వంటగది గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజుగారు తల పైకెత్తలేకపోయారు. ఎనిమిది నెలలుగా ఆయన గేటు దగ్గర్నుంచి స్నేహితుణ్ణి పంపేస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు ఆవిడ. ఆ ఆదివారం కేకేసింది మొగుడు కాదనీ, ఇంట్లో కుక్కుకుపోయిన మనిషనీ ఆవిడకు ఆ రాత్రే తెలిసింది. తెల్లారగానే చెబుదామని వచ్చి కూర్చున్నారు. కరెంటు సగంలో నోరు నొక్కేసింది. ఆయన కూర్చుని తన మీద కోపమని లెక్కలు కట్టుకున్నారు.

ఆ సాయంత్రం అయిదింటికి, ఈ ఎనిమిది నెలల్లో మంజుష వచ్చిన రోజు తప్ప ఇస్త్రీ చొక్కా వెయ్యని రాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బేబి ఉంటానంది. ఫణీంద్ర ఫోను చేస్తే బేబి ఏం చెప్పాలో ముందే చీటీ మీద రాసి పెట్టారు: తప్పు నాది, చుక్క చూసి మోసపోయాను, కొత్తది ఇక మనకు రాకుండా ఏం చెయ్యాలో చెప్పు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసుతో కలిపి చూసినా ఆయన చేత్తో తప్పు ఒప్పుకున్న కాయితం అదొక్కటే.

చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే లోపల్నుంచి తెర పలికింది. ఎప్పుడో పనసపొట్టు కూర వండిన రోజున, గేటు దగ్గర నిలబడి కేకేసినట్టు చుట్టాలను పిలిచిన గొంతు అది. వీధి చివరి దాకా వినపడేట్టుంది.

"రండి!"

రాజుగారు గేటు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగారు. కిటికీలో ఆవిడ వేలు ఇంకా తెర మీదే ఉంది. ఏళ్ళ తరబడి ఏ మెసేజీలోనూ ఆవిడ ఎవర్నీ 'పొండి' అనలేదట, అందుకని ఆ మాటకు గడే పెట్టలేదని ఫణీంద్ర ఎప్పుడో చెప్పాడు. ఆ సంగతి ఈ నాలుగు రోజులూ ఆయనకు గుర్తే రాలేదు.

"ఆయ్, వెళ్ళొస్తానండి" అన్నారు రాజుగారు. పెళ్ళయ్యాక ఆవిడను అండీ అనడం అదే మొదలు.